మురీ

ఉత్తినే పేలాల్లా ఎగిరిపడుతోందని
బీచిలో మురీ మిక్చర్ తింటూ ఇందుజ పెట్టిన పేరు.
రెండు నెలల పిల్ల. నాలుగు కాళ్ళు, నలభై పనులు.
చెప్పు, చీపురు, నా డ్యూటీ బూటు లేసు...
ఇంట్లో అది నోరు పెట్టనిది గోడ మూలొక్కటే.
దానికి వేరే మర్యాద చేస్తోంది.

కంచరపాలెంలో మాది మూడో అంతస్తు. నలభై రెండు మెట్లు.
పొద్దున్న తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి
పోర్టు బొగ్గు దుమ్ము సన్నగా పరుచుకుంటుంది.
దుమ్ములో పువ్వుల్లాంటి అడుగులు,
అడుగుల చివర చిన్న మడుగు.

"ముక్కు అందులో పెట్టి రాసెయ్, బుద్ధొస్తాది"
అంది ఇంటావిడ మంగవేణి.
చెయ్యి దాని మెడ దాకా వెళ్ళి ఆగింది.

పార్వతీపురం హాస్టల్. ఐదో తరగతి.
తడిసిన బొంత నెత్తిన పెట్టి
వార్డెన్ నన్ను ప్రార్థన దగ్గర నిలబెట్టేవాడు.
బొంత పదింటికల్లా ఎండేది.
చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకోవడం తప్ప
ఆ సిగ్గు నాకేమీ నేర్పలేదు.

గుడ్డ తెచ్చి తుడిచాను.

ఆ తర్వాత లెక్క పట్టుకున్నాను.
నిద్ర లేవగానే. తిన్న పావుగంటకి.
ఆట మధ్యలో ఉన్నట్టుండి నేల వాసన చూస్తూ
గుండ్రంగా తిరిగిందంటే చంకలో పెట్టుకుని
మెట్లన్నీ పరుగు.
ట్రాన్స్‌ఫార్మర్ పక్కన జానెడు గడ్డి.
రాత్రి రెండింటికి లుంగీ ఎగ్గట్టి అక్కడ నిలబడి
"కానీ తల్లీ, కానీ" అని బతిమాలుతుంటే
గూడ్సు బండి నిదానంగా పోతుంది,
గార్డు నావైపు దీపం ఊపుతాడు.
పనయిందా, జేబులోంచి ఎండు నెత్తళ్ళు రెండు.
ఆ జేబు వాసనకి మా ఆవిడ
మంచం అటు చివరకి జరిగి పడుకుంటోంది.

ఓడల ప్యాకింగ్ చెక్కతో మాణిక్యాచారి పెట్టె చేశాడు.
లేచి నిలబడి, ఒక చుట్టు తిరిగి, పడుకునేంత.
ఇంకాస్త పెద్దది చెయ్యకపోయావా అంటే
"ఒక మూల తొంగుని ఇంకో మూల పోస్తాది బావూ" అన్నాడు.
ముందు అన్నం లోపల, తలుపు తీసే.
తర్వాత తలుపేసి, నేను నాలుగు ముద్దలు తినేంతసేపు.
ఆ ముద్దలు నాకు దిగలేదు.

రాత్రి ఏడ్చింది.
నక్కలా, తుప్పు పట్టిన మడతబందులా,
బెర్తు దొరక్క బయట నిలబడ్డ ఓడలా.
ఏడుస్తుండగా తలుపు తీయకూడదట.
ఏడుపుకీ ఏడుపుకీ మధ్య ఊపిరి తీసుకునే సందు కోసం
కాచుకుని ఉండాలట.
మంచం మీంచి చెయ్యి వేలాడేసి
చెక్కల మధ్య చూపుడువేలు దూర్చాను.
ముందు కొరికింది. తర్వాత నాకింది.
తర్వాత దాని మీద గడ్డం ఆనించి నిద్రపోయింది.
తెల్లారేదాకా వేలు తీసుకోలేదు.

నేను పని చేసేదీ పెట్టెలోనే.
క్రేను మీద నలభై మీటర్ల ఎత్తున అద్దాల కేబిన్,
కాళ్ళ కింద సముద్రం.
దిగే వీల్లేక బిగపట్టుకుని కూర్చోవడం నాకు తెలుసు.
రిలీఫ్ మనిషి ఇనప మెట్లెక్కే చప్పుడు కోసం
చెవులు రిక్కించడం తెలుసు.
అది వస్తుందన్న నమ్మకంతోనే
పెట్టె మీద పెట్టె పేర్చుతాను.

తడిపిన రోజుకల్లా ఇందుజ క్యాలెండర్లో ఎర్ర గుర్తు.
ఆషాఢమంతా దద్దుర్లే. శ్రావణంలో పలచబడ్డాయి.
మొన్న ఎదురింటి పెళ్ళి బాజాలకి
తనంతట తనే పెట్టెలోకి పోయి
మూతి కాళ్ళ మధ్య పెట్టుకుంది.
తలుపు తెరిచే ఉంది.

నిన్న వాన. రెండు షిఫ్టులు కలిపి చేసి వచ్చాను.
గడియ తీయగానే గాల్లోకి లేచింది,
చెవులో దిక్కు, తోకో దిక్కు, నాలుకో దిక్కు.
ఆ సంబరంలో నా బూట్ల మీద, వెచ్చగా.
ఇరవై మూడు రోజుల తర్వాత.

ఇందుజ ఎర్ర పెన్ను మూత తీసింది.
"ఇది రాయకమ్మా."
"మరేం రాయను?"
తడి బూట్లతో గుమ్మంలో నిలబడి
ఆలోచిస్తున్నాను.